ఉత్కంఠ నవల మనలను ఎందుకు వదలదు?

పగలంతా యంత్రాల మధ్య శ్రమించి ఇల్లు చేరిన మనిషికి నిద్ర అవసరం. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా చేతిలోని నవలలో ఇంకొక్క అధ్యాయం, ఆ తరువాత మరొక్కటి అనుకుంటూ అర్ధరాత్రి దాకా మేలుకొనే ఉంటాడు. మరునాడు ఉదయం ఆరు గంటలకు డ్యూటీ ఉన్నదన్న భయం కూడా అతనిని ఆపలేదు. సూరత్ నుంచి హజీరా, కవాస్‌ల వైపు సాగే ఉద్యోగుల బస్సులలోనూ ఇదే దృశ్యం. ఒకప్పుడు ప్రయాణికుల ఒడిలో పుస్తకం ఉండేది. ఇప్పుడు చాలామంది చెవులలో ఇయర్‌ఫోన్లు ఉంటున్నాయి. సాధనం మారినది కాని, కథ మంచి పట్టులో ఉండగా దిగవలసిన చోటు వచ్చినప్పుడు ముఖంలో కనిపించే అయిష్టత మాత్రం మారలేదు.

ఉత్తమ సాహిత్యమని పేరు పొందిన గ్రంథాలు సగం చదివి అలమరలో పెట్టినవి మన ఇళ్లలో ఎన్నో ఉంటాయి. ఉత్కంఠ నవలను సగంలో విడిచిపెట్టినవారు మాత్రం అరుదు. "కాలక్షేపపు సరుకు" అని దానిని తోసిపుచ్చడం తేలిక. కాని ఏ యంత్రమైనా చక్కగా పనిచేస్తూ ఉంటే, అది ఏ సూత్రం మీద పనిచేస్తున్నదో విప్పి చూడడం ఇంజనీర్లకు అలవాటు. ఆ అలవాటు కొద్దీ ఈ నవలల లోపలి అమరికను మేము కొంత పరిశీలించదలచాము. ఈ పరిశీలన వలన మన ఇళ్లలోని పిల్లలకు ఒక ప్రయోజనం కూడా ఉన్నదని వ్యాసాంతంలో మనవి చేస్తాము.

మజిలీకి ఒక కథ

ఉత్కంఠ కథ పాశ్చాత్యుల నుంచి దిగుమతి అయిన వస్తువని చాలామంది అభిప్రాయం. డిటెక్టివ్ అనే పాత్ర అటునుంచి వచ్చిన మాట నిజమే. కాని వినేవాడిని కథకు కట్టివేసే నేర్పు మనకు అంతకు ఎంతో ముందే ఉన్నది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలనే తీసుకోండి. మణిసిద్ధుడు కాశీయాత్రకు బయలుదేరుతూ గోపకుమారుని తోడు తీసుకొంటాడు. కథలు చెబితేనే వస్తానన్నది ఆ కుర్రవాడి షరతు. ప్రతి మజిలీలోనూ అతడు ఊరు చూడబోయి ఏదో ఒక వింత చూసి వస్తాడు. ఆ వింత వెనుక కథ ఏమిటో చెప్పమంటాడు. కథ పూర్తయితే గాని అతనికి ఊరట లేదు. అది పూర్తయ్యేసరికి మరొక మజిలీ, మరొక వింత.

ఈ అమరికలోని తెలివి గమనించదగినది. కథ ముందు రాలేదు. వింత ముందు వచ్చినది. అనగా జవాబుకంటె ముందు ప్రశ్న పుట్టినది. అడగని ప్రశ్నకు జవాబు చెబితే అది ఉపన్యాసం అవుతుంది. అడిగిన ప్రశ్నకు జవాబు ఆలస్యంగా చెబితే అది కథ అవుతుంది.

విక్రమార్కుడు, బేతాళుడు కథలలో ఇంకొక మెలిక ఉన్నది. రాజు శవాన్ని భుజాన వేసుకొని మౌనంగా నడవాలి. బేతాళుడు కథ చెప్పి చివర ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. ఎటు నడిచినా నష్టమే. ముందు గొయ్యి, వెనుక నుయ్యి అన్న ఈ స్థితి నేటి ఉత్కంఠ నవలాకారులకు ప్రాణాధారం. 1947లో మొదలైన 'చందమామ' పత్రిక దశాబ్దాల తరబడి ఈ బేతాళ కథలను ప్రచురించినది. ఆ పత్రికలోనే దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క'తో ప్రారంభించి ఎన్నో ధారావాహికలు రచించారు. ఆ ధారావాహికలు నెలకు ఒక్క భాగంగా వచ్చేవి. నెల రోజులు ఒక పిల్లవాడు ఒక ప్రశ్నను మనస్సులో మోసుకొని తిరగడం ఎంతటి బంధమో ఆ తరం వారందరికీ తెలుసు.

సూరత్ పంతులుగారి నవల

మనం నివసిస్తున్న ఈ సూరత్ నగరానికి వస్త్రాలు, వజ్రాలు తెచ్చిన కీర్తి జగద్విదితం. గుజరాతీ భాషలో తొలి నవలగా పేరు పొందిన 'కరణ్ ఘేలో' కూడా ఈ ఊరివాడి కలం నుంచే వెలువడినదన్న సంగతి మనలో కొందరికే తెలుసు. నందశంకర్ మెహతా 1835లో సూరత్‌లో జన్మించారు. ఇక్కడి ఆంగ్ల పాఠశాలలో ఉపాధ్యాయులై ప్రధానోపాధ్యాయులుగా పనిచేశారు. ఆంగ్లంలో ఉన్న చారిత్రక నవలల వంటిది గుజరాతీలో రావాలని ఒక ఆంగ్లేయ విద్యాధికారి కోరగా ఆయన ఈ నవల రచించారు. అది 1866లో వెలువడినది. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' 'వివేకవర్ధని'లో ప్రచురణ మొదలైనది 1878లో. ఇద్దరూ పంతుళ్లే కావడం ఒక ముచ్చట.

'కరణ్ ఘేలో' కథ గుజరాత్‌ను పాలించిన చివరి రాజపుత్ర రాజు కరణ్ వాఘేలాది. 'ఘేలో' అంటే వెర్రివాడు. రాజు తన మంత్రి మాధవుని భార్యపై మోహపడి ఆమెను ఎత్తుకుపోతాడు. అడ్డు వచ్చిన మంత్రి తమ్ముడు ప్రాణాలు కోల్పోతాడు. పగబట్టిన మంత్రి ఢిల్లీ వెళ్లి అల్లాఉద్దీన్ ఖిల్జీని గుజరాత్ మీదికి తీసుకొని వస్తాడు. రాజ్యం కూలిపోతుంది, రాణి శత్రువుల చేతికి చిక్కుతుంది, రాజు దిక్కులేనివాడవుతాడు.

ఈ కథ ముగింపు గుజరాతీలకు పుస్తకం తెరవకముందే తెలుసు. రాజు పేరుకు ముందే 'చివరి' అన్న మాట ఉన్నది. అతని బిరుదే 'వెర్రివాడు'. అయినా ఆ నవల గుజరాతీ పాఠకులను ఆకట్టుకొన్నది. 2016లో ఆంగ్లానువాదం కూడా పొందినది. ముగింపు దాచిపెట్టడమే ఉత్కంఠకు మూలమైతే ఇది ఎలా సాధ్యం? రాజు మంత్రి ఇంటి వైపు తొలి అడుగు వేసినప్పుడే పాఠకుడి గుండె గుభేలుమంటుంది. ఆ అడుగు ఎక్కడికి చేరుతుందో పాఠకుడికి తెలుసు, రాజుకు తెలియదు. "వద్దు, వెనక్కు తిరుగు" అని అరవాలని ఉంటుంది. అరిచినా పుస్తకంలోని మనిషికి వినిపించదు. ఈ నిస్సహాయతే పుట తిప్పిస్తుంది.

'ఏమి జరుగుతుంది', 'ఎలా జరుగుతుంది'

ఇదే విషయాన్ని నిరూపించే మరొక ప్రసిద్ధ నవల ఫ్రెడరిక్ ఫోర్సిత్ రచించిన 'ది డే ఆఫ్ ది జాకల్'. అది 1971లో వెలువడినది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ను చంపడానికి ఒక కిరాయి హంతకుడిని నియమించడం ఇందులోని కథ. డిగాల్ 1970లో సహజ మరణం పొందాడని లోకానికంతటికీ తెలుసు. కనుక హంతకుడు విఫలమవుతాడని మొదటి పుటలోనే తేలిపోయినట్టే. ఈ కారణం చేతనే కొందరు ప్రచురణకర్తలు ఆ రాతప్రతిని తిరస్కరించారు. తీరా అచ్చయ్యాక అది దేశదేశాల పాఠకులను కుర్చీలకు కట్టివేసినది.

ఇంజనీర్లకు ఈ నవల మీద ప్రత్యేకమైన మక్కువ ఉండడం సహజం. చనిపోయిన ఒక శిశువు జనన ధ్రువపత్రంతో దొంగ పాస్‌పోర్టు ఎలా సంపాదించవచ్చునో, విడివిడి భాగాలుగా విప్పదగిన తుపాకిని పనివాడి చేత ఎలా తయారు చేయించాలో, పుచ్చకాయను గురిగా పెట్టి దానిని ఎలా సరిచూసుకోవాలో రచయిత ఒక్కొక్క మెట్టుగా చెబుతాడు. మనం దుర్మార్గుని పక్షం కాము. కాని నేర్పుతో జరిగే పనిని మధ్యలో వదలి వెళ్లలేము. వీధిలో లోతైన గుంత తవ్వి కేబుల్ అతుకుతూ ఉంటే ఎంతమంది నిలబడి చూస్తారో చూడండి. నేర్పు చూడడంలో ఒక ఆకర్షణ ఉన్నది. రెండవ వైపు నుంచి పోలీసు అధికారి లెబెల్ అంతే ఓర్పుతో ఆధారాలు కూర్చుకుంటూ వస్తాడు. రెండు పనులూ ఒకదానివైపు ఒకటి దగ్గరవుతూ ఉంటాయి. ఇక పాఠకుడు పుస్తకం ఎలా మూస్తాడు?

2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌డియాగో శాఖలో లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయమై ప్రయోగాలు చేశారు. కొందరికి కథ చివర ఏమవుతుందో ముందే చెప్పి చదివించారు; కొందరికి చెప్పకుండా చదివించారు. ముందే తెలిసినవారు కథను తక్కువగా ఆనందించలేదు సరికదా, కొంచెం ఎక్కువే ఆనందించినట్లు తేలినది. తరువాతి పరిశోధనలన్నీ ఈ ఫలితంతో ఏకీభవించలేదు. అయినా ముగింపు ఒక్కటే కథకు ప్రాణం కాదని మాత్రం చెప్పవచ్చును. రామాయణాన్ని వెయ్యిసార్లు విన్న మన పెద్దలకు ఈ సంగతి ప్రయోగశాల అవసరం లేకుండానే తెలుసు.

బల్ల కింద బాంబు

చలనచిత్ర దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఆశ్చర్యానికీ ఉత్కంఠకూ ఉన్న తేడాను ఒక చిన్న ఉదాహరణతో వివరించేవారు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటూ ఉండగా హఠాత్తుగా బాంబు పేలితే ప్రేక్షకుడు కొన్ని క్షణాలు అదిరిపడతాడు, అంతటితో సరి. బల్ల కింద బాంబు ఉన్నదనీ, అది ఒంటిగంటకు పేలుతుందనీ ప్రేక్షకుడికి ముందే చూపించి, గోడ గడియారంలో పావు తక్కువ ఒంటిగంట అయినట్లు చూపిస్తే, ఆ నలుగురు మామూలు విషయాల గురించి మాట్లాడుకుంటున్నా అతడు పావుగంటసేపు ఊపిరి బిగబట్టుకొని కూర్చుంటాడు. దాచితే వచ్చేది కొన్ని క్షణాల అదురు, చెబితే వచ్చేది పావుగంట ఆరాటం.

తెలుగులో ఈ గడియారాన్ని సమర్థంగా వాడుకున్నవారిలో యండమూరి వీరేంద్రనాథ్ ముఖ్యులు. ఆయన 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చినప్పుడు పత్రిక కోసం పాఠకులు వారమంతా ఎదురుచూసేవారు. క్షుద్రవిద్యకు గురైన ఒక పసిపాప, ఆమెకు మిగిలిన కాలం తరిగిపోతూ ఉండడం, ఒకవైపు వైద్యులు, మరొకవైపు మంత్రగాళ్లు - ఇదీ అమరిక. మూఢనమ్మకాలను పెంచుతున్నదని ఆ నవలపై తీవ్ర విమర్శలు వచ్చాయి. విజ్ఞానశాస్త్రం చదువుకొన్న మాకు ఆ విమర్శలలో న్యాయం ఉన్నదనే తోస్తుంది. కాని క్షుద్రవిద్యను నమ్మనివారు కూడా ఆ ధారావాహికను ఎందుకు చదివారన్నది వేరే ప్రశ్న. వారిని పట్టినది మంత్రం కాదు. పాప ప్రాణమూ, తరిగిపోయే రోజులూను.

ఆయనదే అయిన 'అభిలాష'లో దయ్యాలు లేవు. మరణశిక్ష రద్దు కావాలని కోరుకొనే ఒక యువ న్యాయవాది, నిర్దోషికి కూడా ఉరిశిక్ష పడవచ్చునని లోకానికి చూపడానికి తానే ఒక హత్యానేరంలో ఇరుక్కొనే పథకం వేస్తాడు. సమయానికి నిజం బయటపెట్టడానికి ఏర్పాట్లు కూడా చేసుకొంటాడు. ఆ ఏర్పాట్లు తారుమారవుతాయి. తాను అల్లిన వలలో తానే చిక్కి ఉరికంబం వైపు నడుస్తాడు. 1983లో ఇది చలనచిత్రంగా కూడా వచ్చినది. ఆలోచించి చూస్తే ఇది రక్షణ ఏర్పాటు విఫలమైన కథ. అత్యవసర సమయంలో తెరుచుకోవలసిన వాల్వు తెరుచుకోకపోతే ఏమవుతుందో మన ప్లాంటులలో పనిచేసేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. కాబట్టే ఆ కథ మనకు మరింత దగ్గరగా తోస్తుంది.

యుగంధర్ పక్కన రాజు

ప్రశ్న, గడియారం - ఈ రెండూ ఉన్నంత మాత్రాన నవల నిలబడదు. ప్రమాదంలో ఉన్నవాడు మనకు కావలసినవాడు అయి ఉండాలి. దారిన పోయేవాడి రైలు తప్పిపోతే మనకు బాధ లేదు. మన బావమరిది రైలు తప్పిపోతే ఇల్లంతా కంగారే.

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవలలు దశాబ్దాల తరబడి తెలుగు పాఠకులను అలరించడానికి కారణం ఇక్కడ కనిపిస్తుంది. డిటెక్టివ్ యుగంధర్ తెలివిగలవాడు, నిదానస్థుడు. కాని అతని పక్కన సహాయకుడు రాజు లేకపోతే ఆ తెలివి మనకు అందేది కాదు. షెర్లాక్ హోమ్స్ పక్కన వాట్సన్ ఏ పని చేస్తాడో యుగంధర్ పక్కన రాజు ఆ పని చేస్తాడు. మనకు కలిగే సందేహాలు అతనికీ కలుగుతాయి. మనం అడగవలసిన ప్రశ్న అతడు అడుగుతాడు. హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్ 1893లో ఆ పాత్రను చంపివేస్తే పాఠకలోకం నొచ్చుకొని ఆగ్రహించినది. పదేళ్ల తరువాత, 1903లో, ఆయన హోమ్స్‌ను బ్రతికించి తీసుకురాక తప్పలేదు. పాఠకుడు మనసు పెట్టుకొనేది చిక్కుముడి మీద కాదు, ముడి విప్పే మనిషి మీద. దీనికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' వంటి మహత్తర కృషి చేసిన ఆరుద్ర గారు సైతం డిటెక్టివ్ నవలలు రచించారు. మధుబాబు గారి 'షాడో' పరంపర కోసం అద్దె పుస్తకాల దుకాణాల ముందు కుర్రకారు వరుసకట్టిన కాలం మనలో చాలామందికి జ్ఞాపకమే. ఇటు గుజరాతీలో హరకిషన్ మెహతా, అశ్వినీ భట్ వంటి రచయితలు ఇదే విధంగా పాఠకులను వారం వారం నిలబెట్టారు. భాష మారినా పాఠకుడి ఆరాటం ఒక్కటే.

ఆ అద్దె దుకాణాలలో అప్పుడప్పుడు చివరి పుట చినిగిపోయిన డిటెక్టివ్ నవల చేతికి వచ్చేది. ఆ బాధ అనుభవించినవారికే తెలుసు. హంతకుడెవరో తెలియని ఆ నవల పేరు, అందులోని పాత్రల పేర్లు ఏళ్లు గడచినా గుర్తుంటాయి. పూర్తిగా చదివిన పుస్తకాలు మరచిపోతాము. పూర్తయిన పనులకంటె మధ్యలో ఆగిన పనులు ఎక్కువగా గుర్తుంటాయని 1927లో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించారు. తరువాత జరిగిన ప్రయోగాలలో ఫలితాలు అన్నిచోట్లా ఒకే తీరుగా రాలేదు గాని, చినిగిన చివరి పుట విషయంలో మాత్రం ఆమె మాటకు మేము సాక్ష్యం చెప్పగలము.

అప్పు, వాయిదా

మరి కొన్ని నవలలు బ్రహ్మాండంగా మొదలై చివరకు ఎందుకు చప్పబడిపోతాయి? మా ఆలోచనలో ఉత్కంఠ కథ ఒక రుణ వ్యవహారం. ప్రతి ప్రశ్నా పాఠకుడి దగ్గర రచయిత తీసుకొన్న అప్పు. పాఠకుడు తన నిద్రను, సమయాన్ని ఇస్తాడు; రచయిత జవాబు బాకీ పడతాడు. మంచి రచయిత వాయిదాలు సక్రమంగా కడతాడు. ప్రతి అధ్యాయంలో ఒక చిన్న జవాబు ఇస్తాడు, ఇస్తూనే మరొక ప్రశ్న లేవనెత్తుతాడు. అందువలన పాఠకుడికి నమ్మకం చెడదు, ఆశ చావదు.

చేతకాని రచయిత అప్పు మీద అప్పు చేస్తూ పోతాడు. తలుపు తట్టిన చప్పుడుతో అధ్యాయం ముగిస్తాడు. తరువాతి అధ్యాయంలో తలుపు తెరిస్తే పాలవాడు. ఒకసారికి నవ్వుకొంటాము. మూడవసారి పుస్తకం మూసేస్తాము. చివరకు హంతకుడు అంతవరకు కథలో కనిపించనివాడనో, అంతా కల అనో చెబితే అది ఐపీ పెట్టడమే. ఆ రచయిత మరో నవలతో వస్తే పాఠకుడు గడప తొక్కనివ్వడు. మంచి ముగింపు అలా ఉండదు. అది ఆశ్చర్యపరుస్తుంది, మరుక్షణమే "అవును, ఆ మాట నాలుగో అధ్యాయంలోనే చెప్పాడు కదా" అని నుదురు కొట్టుకొనేటట్లు చేస్తుంది.

ఎడతెగని బిగువు కూడా దోషమే. ఒత్తిడి పెంచుతూ పోతే ఏ పాత్ర అయినా పగులుతుంది. బుర్రకథలో ప్రధాన కథకునికి ఇరుప్రక్కలా వంతలు ఉంటారు. యుద్ధఘట్టం ముమ్మరంగా సాగుతూ ఉండగా హాస్యవంత ఒక చమత్కారం విసురుతాడు, జనం నవ్వుతారు, కథకుడు ఊపిరి పీల్చుకొని మళ్లీ అందుకొంటాడు. నవ్విన మనసే తరువాతి దెబ్బకు ఎక్కువగా చలిస్తుంది. మల్లాది వెంకట కృష్ణమూర్తి గారు 'చంటబ్బాయ్'లో డిటెక్టివ్‌నే హాస్యపాత్రగా మలచి మెప్పించారు. నవ్వు, ఉత్కంఠ పగవాళ్లు కావని అది రుజువు చేసినది.

చెవికి చేరిన కథ

పుస్తకం శ్రవణరూపంలోకి మారినప్పుడు ఈ సూత్రాలు మారవు; వాటి పాళ్లు మారుతాయి. అచ్చు పుస్తకంలో వేగం పాఠకుడి చేతిలో ఉంటుంది. ఓర్పు లేనివాడు చివరి పుట చూసి వస్తాడు కూడా. వినే కథలో వేగం చదివేవారి గొంతులో ఉంటుంది. "తలుపు తెరిచింది..." అని గొంతు ఒక్క క్షణం ఆగితే, ఆ మౌనం అచ్చులోని మూడు చుక్కలకంటె ఎన్నో రెట్లు బలమైనది. ఆ మౌనాన్ని దాటవేయడం శ్రోతకు అంత తేలిక కాదు.

దీనికి మరొక వైపు కూడా ఉన్నది. అచ్చులో అయితే "ఈ సుధాకర్ ఎవడు?" అని నాలుగు పుటలు వెనక్కు తిప్పి చూడవచ్చును. వినేటప్పుడు ఆ వీలు తక్కువ. సుధాకర్, సుధీర్, సుధామూర్తి అని ముగ్గురు ఒకే కథలో ఉంటే శ్రోత దారి తప్పుతాడు. కనుక వినే కథలో పాత్రలు తక్కువగా, పేర్లు వేరువేరు ధ్వనులతో, ప్రశ్న మొదటి నిమిషాలలోనే స్పష్టంగా ఉండాలి. ఇవేవీ కొత్తగా కనిపెట్టినవి కావు. హరిదాసు ఒక్కడే గొంతు మార్చి రాజూ, రాణీ, సేవకుడూ అవుతాడు. ఆకాశవాణి నాటకాలు అడుగుల చప్పుడుతో, తలుపు కిర్రుమనడంతో ఇంటిల్లిపాదినీ రేడియో చుట్టూ కూర్చోబెట్టాయి. నేడు 'దాసుభాషితం' వంటి యాప్‌లు తెలుగు పుస్తకాలను శ్రవణరూపంలో అందిస్తున్నాయి. చెవి నుంచి కంటికి వెళ్లిన కథ మళ్లీ చెవికి తిరిగి వచ్చినదన్న మాట.

ఇక్కడ ఒక హెచ్చరిక మా వృత్తిధర్మం. ఉత్కంఠ కథ మనసును పూర్తిగా లాక్కొంటుంది. అదే దాని గుణం. కాబట్టి ద్విచక్ర వాహనం నడుపుతూ గాని, యంత్రాల దగ్గర గాని చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం ప్రాణాంతకం. కథలోని ప్రమాదం కథలోనే ఉండాలి.

మన పిల్లల సంగతి

ఇంతకూ ఈ చర్చ వలన మనకు ఒరిగేదేమిటి? సూరత్‌లోని తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. లింబాయత్, ఉధనా ప్రాంతాలలో తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడపడం ఆ కుటుంబాల ఉనికికి నిదర్శనం. మగ్గం పని చేసుకొనే తల్లిదండ్రుల పిల్లలు తెలుగు అక్షరాలు నేర్చుకొంటున్నారు. టౌన్‌షిప్‌లలో ఉండే మన పిల్లలు మాత్రం చాలావరకు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వింటే అర్థం చేసుకొంటారు. పుస్తకం చేతికిస్తే తల అడ్డంగా ఊపుతారు. ఒక తరం గడిస్తే మాట కూడా మిగులుతుందా అన్నది మనలను వేధించే ప్రశ్న.

వీరికి శతకాలు, నీతికథలు ఇచ్చి చదవమంటున్నాము. అవి గొప్పవే. కాని అందులో పిల్లవాడు అడిగిన ప్రశ్న ఏదీ లేదు. అడగని ప్రశ్నకు జవాబు ఉపన్యాసమని ముందే చెప్పుకొన్నాము. మాకు తెలిసిన ఒక ఇంట్లో అమ్మమ్మగారు ఊరి నుంచి పాత చందమామల కట్ట ఒకటి తెచ్చారు. రాత్రిపూట మనవడికి ధారావాహిక చదివి వినిపించేవారు. రాకుమారుడు సరిగ్గా అగాధం అంచున జారినప్పుడు "మిగతాది రేపు" అని కళ్లద్దాలు తీసేవారు. పిల్లవాడు బతిమాలినా వినేవారు కాదు. వారం తిరగకుండా ఆ కుర్రవాడు గుణింతాలు కూడబలుక్కుంటూ తరువాతి భాగం తానే చదవడానికి కూర్చున్నాడు. ఒక పుట చదవడానికి అరగంట పట్టినది. అయినా వదలలేదు. రెండేళ్లుగా ట్యూషన్ మాస్టారు చేయలేని పని అగాధం అంచున వేలాడిన రాకుమారుడు చేశాడు.

వినడంతో మొదలుపెట్టడం మన పిల్లలకు అనువైన మార్గం. వారికి చెవి ఉన్నది, లిపి లేదు. కనుక ముందు చెవికి కథ అందించి, బిగువైన చోట ఆపి, తరువాతి భాగం అచ్చులో చేతికి ఇవ్వవచ్చును. వయసుకు తగిన కథలను ఎంచుకోవడం మాత్రం పెద్దల బాధ్యత. రక్తపాతం, క్షుద్రవిద్యలు లేకుండానే ఊపిరి బిగబట్టించే కథలు తెలుగులో కావలసినన్ని ఉన్నాయి. మన టౌన్‌షిప్ గ్రంథాలయంలో తెలుగు అలమరకు ఇటువంటి పుస్తకాలు కొన్ని చేర్చాలనీ, ఊరికి వెళ్లివచ్చే సభ్యులు పాత ధారావాహికల ప్రతులు దొరికితే తెచ్చి ఇవ్వాలనీ మా విన్నపం. నెలకు ఒక సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టి ఒక కథలో సగం వినిపించే కార్యక్రమం ఏర్పాటు చేస్తే ఖర్చు కూడా ఉండదు.

ఉత్కంఠ నవల పండితుల సన్మానం కోరదు. అది కోరేది ఒక్కటే - వినేవాడు "తరువాత?" అనాలి. ఆ మాట మన పిల్లల నోట తెలుగులో వినిపించినంత కాలం భాషకు భయం లేదు. కాబట్టి తల్లిదండ్రులారా, ఈ రాత్రి ఒక తెలుగు కథ తీసి పది నిమిషాలు పైకి చదవండి. ఎక్కడ ఆపాలో ఆలోచించనక్కరలేదు. ఆ చోటు ఎదురుగా కూర్చున్న పిల్లల కళ్లలోనే తెలుస్తుంది.